లెగ్గింగ్ కుట్టు పట్‌మంది, ఏ క్లాసులో చేరాలి?

ప్రశ్న: అక్కా, మాది అక్కయ్యపాలెం. పన్నెండేళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. నాది నల్ల మెషిన్, మోటార్ పెట్టించుకున్నాను. ఈ మధ్య మా వీధిలో అందరూ పిల్లలకి టీషర్టులు, లెగ్గింగులు, నైట్ సూట్లు కుట్టమంటున్నారు. ముందు మా పాపకి ఒక లెగ్గింగ్ కుట్టి చూశాను. కింద కూర్చోగానే వెనక కుట్టు పట్‌మని తెగింది. టీషర్టు మెడకి రిబ్, అదే సాగే పట్టీ, వేస్తే అలలు అలలుగా వచ్చింది. ఆన్‌లైన్‌లో నేర్చుకుందామని మూడు క్లాసులు చూశాను. ఒకటి తెలుగులోనే, రికార్డు చేసిన వీడియోలు, 499 రూపాయలు, వారంలో 20 రకాలు నేర్పి సర్టిఫికెట్ కూడా ఇస్తారట. రెండోది ఇంగ్లిష్‌లో, విదేశీ టీచర్, 2,500 రూపాయలు, జీవితాంతం చూసుకోవచ్చట. మూడోది తెలుగులో జూమ్ క్లాసు, ఆరు వారాలు, 4,500 రూపాయలు. యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నదానికి డబ్బు దండగంటారు మా ఆయన. ఓవర్‌లాక్ మెషిన్ కొనకుండా ఏ క్లాసులో చేరినా దండగే అంటుంది మా ఆడపడుచు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. 499 రూపాయల క్లాసు వద్దు. ఇంగ్లిష్ క్లాసు మంచిదే కావచ్చు గానీ ఇప్పుడే వద్దు. జూమ్ క్లాసుకి డబ్బు కట్టే ముందు ఆ టీచర్‌ని కొన్ని సంగతులు అడగాలి. ఆవిడ చెప్పేదాన్ని బట్టి చేరాలో మానాలో మీకే తెలిసిపోతుంది. ఓవర్‌లాక్ మెషిన్ ఈ నెలలో కొనాల్సిన పని లేదు. ముందు సూది, తర్వాత క్లాసు, ఆఖరున మెషిన్. డబ్బు ఈ వరసలో ఖర్చు పెట్టండి.

పన్నెండేళ్లు బ్లౌజులు కుట్టిన చెయ్యి మీది. బాబిన్‌లో దారం ఎక్కించడం దగ్గర్నుంచి మొదలుపెట్టే క్లాసులో సగం ఫీజు మీకు వచ్చిన పనికే పోతుంది. మీకు తెలియనిది సాగే గుడ్డ మెషిన్ కింద ఎలా ప్రవర్తిస్తుందో, అంతే. దాన్ని ఎవరు సరిగ్గా చెబుతారో కనిపెట్టాలంటే ముందు మీ లెగ్గింగ్ ఎందుకు చిరిగిందో మీకు తెలియాలి.

మీరు బహుశా బ్లౌజుకి వేసినట్టే మామూలు కుట్టు రెండుసార్లు వేసి ఉంటారు, గట్టిగా ఉంటుందని. పాప కూర్చున్నప్పుడు గుడ్డ సాగింది, దారం సాగలేదు. సాగని దారం తెగక ఏం చేస్తుంది? నాలుగుసార్లు వేసినా అదే జరుగుతుంది. జిగ్‌జాగ్ కుట్టులో దారం అటూ ఇటూ వంకర తిరుగుతూ పోతుంది కాబట్టి గుడ్డ సాగినప్పుడు ఆ వంకర కాస్త నిటారవుతుంది, తెగదు. ఓవర్‌లాక్‌లో దారాలు ఒకదాన్నొకటి ఉచ్చుల్లా పట్టుకుని అంచు చుట్టూ తిరుగుతాయి, అవీ సాగుతాయి. నల్ల మెషిన్‌లో ఉన్నది నేరు కుట్టు మాత్రమే. తెగింది మీ పనితనం తక్కువై కాదు, ఆ కుట్టుకి ఆ చోట ఉండే హక్కు లేదు కాబట్టి.

మెడ అలలకి రెండు కారణాలుంటాయి. ఒకటి, రిబ్ పొడవు మెడతో సమానంగా కత్తిరించడం. రిబ్ ఎప్పుడూ మెడ కొలత కంటే తక్కువ ఉండాలి, సుమారు 85 శాతం. మెడ చుట్టుకొలత 20 అంగుళాలైతే రిబ్ 17 అంగుళాలు, దానికి కుట్టు మార్జిన్ కలుపుకోవాలి. రిబ్‌నీ మెడనీ నాలుగేసి భాగాలు చేసి గుర్తులు కలిపి, గుర్తుకీ గుర్తుకీ మధ్య రిబ్‌ని మాత్రమే లాగుతూ కుట్టాలి. మెడ గుడ్డని చెయ్యి లాగకూడదు. రెండో కారణం మెషిన్ పాదం, సూది దగ్గర గుడ్డని అదిమిపట్టే ముక్క. అది గుడ్డని గట్టిగా అదిమితే కిందిపొరని అడుగున ఉన్న పళ్లు ముందుకి లాక్కుపోతాయి, పైపొర సాగి వెనకబడుతుంది. నల్ల మెషిన్‌లో పాదం కడ్డీ పైన, తలమీద, ఒక మరచుట్టు ఉంటుంది చూడండి. బ్లౌజులు కుట్టేవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోరు. ఎడమవైపుకి కొన్ని చుట్లు వదులు చేసి ఒక పాత బనియన్ ముక్క మీద కుట్టి చూడండి. అలలు తగ్గుతాయి.

ఇక సూది. మీ మెషిన్‌లో ఉన్నది బహుశా 16 నంబరు మామూలు సూది. చీర, బ్లౌజు గుడ్డల్లో దారాలు నిలువు అడ్డం అల్లి ఉంటాయి. హోజరీ, అంటే బనియన్ల గుడ్డ, అంతా దారపు ఉచ్చులే, ఒకదానిలోంచి ఒకటి లాగినవి. మొన తేలిన సూది ఆ ఉచ్చుని కోసేస్తే అక్కడ చిన్న కన్నం పడుతుంది. మొదట్లో కనపడదు, రెండు ఉతుకులయ్యాక కుట్టు పక్కనే నిచ్చెనలా జారుతుంది. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి దారాన్ని పక్కకి నెట్టి దిగుతుంది. కాటన్ హోజరీకి బాల్ పాయింట్ లేదా జెర్సీ సూది, లైక్రా కలిసిన గుడ్డకి స్ట్రెచ్ సూది అడగండి. 11 నంబరు, కాస్త మందమైతే 14. మీ నల్ల మెషిన్‌కి పట్టేది ఒకవైపు చదునుగా ఉండే ఇంటి మెషిన్ సూది. కొట్టువాడు టైలర్ షాపుల్లో వాడే పెద్ద మెషిన్ సూది ఇస్తే పనికిరాదు, పాత సూది పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. దారం పాలిస్టర్‌దే వాడండి, కాటన్ దారం ఇక్కడ నిలవదు.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఏ క్లాసు డెమో వీడియో చూసినా ఇక మీరు పరీక్ష పెట్టే మనిషి. నా పరీక్ష ఒక్కటే ఉంది: కుట్టు వేశాక టీచర్ ఆ కుట్టుని కెమెరా ముందు రెండు చేతులతో లాగి చూపించారా? లాగి, వదిలి, తిరగేసి అడుగుపక్క కూడా చూపించారా? సాగే గుడ్డ నేర్పే క్లాసులో ఇది చెయ్యనివాళ్లని నేను నమ్మను. పూర్తయిన టీషర్టు హ్యాంగర్‌కి తగిలించి పాట పెట్టి తిప్పి చూపించడం వేరు, కుట్టు నిలబడిందని చూపించడం వేరు. లాగినప్పుడు రెండు ముక్కల మధ్య దారం కనిపించేలా కుట్టు తెరుచుకుంటే, ఎందుకు తెరుచుకుందో చెప్పేవాళ్లయితే ఇంకా మేలు.

దాని తర్వాత చూడాల్సింది, కత్తెర పట్టక ముందు ఏం చేశారన్నది. గుడ్డ ఉతికి ఆరబెట్టారా? కాటన్ నిట్, అంటే ఇలా ఉచ్చులతో అల్లిన గుడ్డ, ఉతికితే, ముఖ్యంగా పొడవు వైపు, బాగా కుదించుకుపోతుంది. కుట్టాక కుదించుకుంటే ఆ టీషర్టు తమ్ముడికి. తడి గుడ్డని దండెం మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకి సాగుతుంది కాబట్టి మంచం మీదో చాప మీదో పరిచి ఆరబెట్టాలి. మన ఊరి సముద్రపు గాలిలో వానాకాలం దీనికి రెండు రోజులు పట్టినా పట్టొచ్చు, ఫర్వాలేదు. ఆ తర్వాత సాగుదల కొలిచారా? గుడ్డని అడ్డంగా మడిచి 4 అంగుళాలు గుర్తు పెట్టి స్కేలు మీద లాగాలి. 5 అంగుళాలకి వస్తే 25 శాతం, 6 కి వస్తే 50 శాతం. వదిలేస్తే మళ్లీ 4 కి రావాలి. రాకుండా నాలుగుంబావు దగ్గర ఆగిపోయే గుడ్డతో లెగ్గింగ్ కుడితే సాయంత్రానికి మోకాళ్ల దగ్గర సంచులు దిగుతాయి. టీషర్టుకి 25 శాతం చాలు. లెగ్గింగ్‌కి 50 అయినా ఉండాలి, అదీ అడ్డంగానే కాక నిలువునా కొంత సాగాలి.

కొలతల దగ్గర చాలా తెలుగు క్లాసులు తప్పటడుగు వేస్తాయి. పంజాబీ టాప్‌కి గీసినట్టే ఛాతీ కొలతకి లూజు కలిపి టీషర్టు గీయిస్తారు. లైక్రా లెగ్గింగ్‌కి లూజు కలపరు, తీసేస్తారు. హిప్ 36 అంగుళాలుంటే గుడ్డ సాగుదలని బట్టి 32, 33 కే కత్తిరిస్తారు. మనకి ఇంకో అలవాటుంది, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని బ్లౌజు లోపల అంగుళం, అంగుళంన్నర మార్జిన్ వదులుతాం. నిట్ బట్టకి పావు అంగుళం చాలు, ఎక్కువ వదిలితే లోపల ముద్దకడుతుంది. చెయ్యి తగిలించే పద్ధతీ వేరు: భుజం కుట్టాక, పక్క కుట్టు వేయకముందే చేతిని పరిచి కుట్టేసి, ఆ తర్వాత చేతి అంచు నుంచి నడుము దాకా ఒకే కుట్టులో లాగించేస్తారు. బ్లౌజు చంక తిప్పి తిప్పి కుట్టిన మీకు ఇది సెలవు రోజులా ఉంటుంది. డెమోలో ఇవి కనిపిస్తే ఆ టీచర్‌కి ఈ గుడ్డ తెలుసు. బ్లౌజు పద్ధతే కనిపిస్తే వీడియో అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు మీ మూడు క్లాసులు.

499 రూపాయలది వద్దని అన్నది ధర చూసి కాదు. వారంలో 20 రకాలంటే రోజుకి దాదాపు మూడు రకాలు. మీకు 20 రకాలు అక్కర్లేదు. ఒక టీషర్టు, ఒక లెగ్గింగ్ సరిగ్గా వస్తే నైట్ సూటు వాటంతట అదే వస్తుంది, ఎందుకంటే అది కాస్త వదులు టీషర్టూ, కాస్త వదులు లెగ్గింగూ. సర్టిఫికెట్ సంగతా, మీ వీధిలో లెగ్గింగ్ కుట్టించుకోడానికి వచ్చే తల్లి దాన్ని అడగదు. ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్తే మెషిన్ ముందు కూర్చోబెట్టి కుట్టించి చూస్తారు. సర్కారు గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టే కావాలనుకుంటే అది స్కిల్ డెవలప్‌మెంట్ శిక్షణల్లో, పరీక్ష పెట్టి ఇస్తారు, వారం వీడియోలకి కాదు.

ఇంగ్లిష్ క్లాసు పాఠం మీద నాకు అనుమానం లేదు. విదేశాల్లో ఇంట్లో కుట్టుకునేవాళ్లలో నిట్ బట్ట కుట్టేవాళ్లు చాలామంది, అందుకని ఆ పాఠాలు లోతుగా ఉంటాయి. ఇబ్బంది మెషిన్ దగ్గర. అలాంటి చాలా క్లాసుల్లో ముందు నాలుగు దారాల ఓవర్‌లాక్, అంచులకి ఇంకో మెషిన్ పెట్టుకుని చెబుతారు. ఆ రెండో దాన్నే మన వ్యాపారంలో ఫ్లాట్‌లాక్ అంటారు, కొన్న టీషర్టు అంచున పైన జంట గీతలు, అడుగున అల్లిక కనిపిస్తుందే అది. నల్ల మెషిన్ ఒక్కటే ఉన్నవాళ్లు ఆ పాఠం చూస్తూ కూర్చోవచ్చు, చేస్తూ కాదు. గుడ్డల పేర్లూ కలవవు. వాళ్లు పాంటే అంటారు, ఫ్రెంచ్ టెర్రీ అంటారు, డబుల్ బ్రష్డ్ పాలీ అంటారు. మీరు పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి అలా అడిగితే మొహం చూస్తారు. మన కొట్లలో హోజరీ, బనియన్ క్లాత్, లైక్రా, రిబ్ అని అడగాలి. ఇంటర్‌లాక్ అనే గుడ్డ దొరికితే మొదటి టీషర్టు దానితోనే కుట్టండి. మామూలు హోజరీ అంచులు కత్తిరించగానే చుట్టుకుపోతాయి, ఇంటర్‌లాక్ చెప్పినట్టు పడుంటుంది.

జీవితాంతం చూసుకోవచ్చన్న మాట గురించి కూడా. ఆ జీవితం మీది కాదు, ఆ వెబ్‌సైట్‌ది. అమెరికాలో కుట్లు, అల్లికల పాఠాలకి బాగా పేరున్న క్రాఫ్ట్సీని ఒక పెద్ద కంపెనీ కొని 2018లో బ్లూప్రింట్ అని పేరు మార్చింది. 2020లో మూసేస్తున్నామని ప్రకటించేసరికి, పాఠాలు కొనుక్కున్నవాళ్లు ఉరుకులు పరుగుల మీద డౌన్‌లోడ్ చేసుకున్నారు. తర్వాత వేరే సంస్థ కొని మళ్లీ క్రాఫ్ట్సీ పేరుతోనే నడుపుతోంది గానీ, అన్నిసార్లూ అలా జరుగుతుందని ఏముంది? డౌన్‌లోడ్ చేసుకునే వీలుందా, నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా అన్నది చూసుకోండి. ఉడెమీ అనే క్లాసుల వెబ్‌సైట్‌లో అయితే కొన్నవాటిలో చాలావాటికి 30 రోజుల్లో వాపసు అడగొచ్చు. పైగా అక్కడ ధరలు తరచూ బాగా తగ్గుతుంటాయి, మొదటిరోజు చూసిన ధరకే కొనెయ్యకండి.

ఆ క్లాసులతో పీడీఎఫ్ ప్యాటర్న్‌లు, అంటే ప్రింటు తీసుకుని కత్తిరించుకునే నమూనాలు కూడా ఇస్తారు. ఒకవేళ ముందు ముందు తీసుకుంటే, ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపుకి వెళ్లినప్పుడు కుర్రాడికి ముందే చెప్పండి: పేజీకి సరిపెట్టొద్దు, నూటికి నూరు శాతం సైజులోనే కొట్టమని. లేకపోతే మెషిన్ తనంతట తనే పేజీలో పట్టేలా కొంచెం కుదించేస్తుంది. ప్యాటర్న్ మొదటి పేజీలో కొలత చూసుకోడానికి ఒక చదరం గీసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ ముందు తీయించి, టేపు పెట్టి ఆ చదరం కొలిచి, సరిగ్గా ఉంటేనే మిగతా పేజీలు తీయించండి. పేజీకి అరసెంటీమీటరు తగ్గినా అన్నీ అతికేసరికి పిల్లకి కుట్టింది బొమ్మకి సరిపోతుంది.

యూట్యూబ్ గురించి మీ వారన్నదాంట్లో సగం నిజం. పాదం వదులు చెయ్యడం, సూది మార్చడం, రిబ్ వెయ్యడం, సాగుదల కొలవడం, ఇవన్నీ డబ్బు కట్టకుండా నేర్చుకోవచ్చు. ఉషా కంపెనీ వాళ్ల ఉషా సూ వెబ్‌సైట్‌లో కూడా ఉచిత పాఠాలున్నాయి. అయితే మీ కుట్టు చూసి ఇక్కడ గుడ్డ లాగావు, ఇక్కడ సూది దారం తప్పించింది అని వీడియో చెప్పలేదు. మీరు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది ఆ చూపుని. పాఠాన్ని కాదు. అందుకే మూడింట్లో జూమ్ క్లాసు వైపే నా మనసు మొగ్గుతోంది, 4,500 తక్కువేమీ కాదని తెలిసినా.

టీచర్‌కి వాట్సాప్‌లో ఇలా పెట్టండి. మేడమ్, నా దగ్గర నేరు కుట్టు నల్ల మెషిన్ మాత్రమే ఉంది, క్లాసులో చూపించేవాటిలో ఏవేవి నేను దాని మీదే చెయ్యగలను? ఆరు వారాల్లో ఎన్ని వారాలు అచ్చంగా సాగే గుడ్డ మీద? నేను కుట్టిన ముక్క పంపితే మీరే చూసి చెబుతారా, లేక గ్రూపులో పెట్టాలా? బ్యాచ్‌లో ఎంతమంది? రాలేని రోజు రికార్డింగ్ ఇస్తారా, అది ఎన్నాళ్లుంటుంది? మొదటి క్లాసు నచ్చకపోతే డబ్బు సంగతేమిటి?

అన్నిట్లోకీ మొదటి ప్రశ్నే గట్టిది. ఏ మెషిన్ అయినా పర్వాలేదమ్మా, అన్నీ వచ్చేస్తాయి అన్నారంటే ఆగండి. నిజం తెలిసిన టీచర్ ఇలా చెబుతుంది: వదులు టీషర్టు భుజాలు, పక్కలు మీ మెషిన్ మీద గుడ్డని ముందూ వెనకా పట్టి కొద్దిగా సాగదీస్తూ, చిన్న కుట్టుతో లాగించొచ్చు. మెడకి, లెగ్గింగ్‌కి మాత్రం జిగ్‌జాగో ఓవర్‌లాకో ఉండాల్సిందే. ఈ మాట ఆవిడ నోట వస్తే నాకు ఇంకేం అనుమానం ఉండదు. బ్యాచ్‌లో యాభైమంది ఉన్నారంటే మాత్రం అది లైవ్ క్లాసు కాదు, టైము పెట్టి చూపించే రికార్డింగే.

జూమ్ క్లాసులో అందరూ మరిచిపోయే చిక్కు ఒకటుంది. క్లాసు ఫోన్‌లో చూస్తే మీ మెషిన్ టీచర్‌కి ఎలా చూపిస్తారు? ఇంట్లో రెండో ఫోన్ ఉంటే దానితో ఇంకోసారి చేరి, మెషిన్ పాదం వైపు తిప్పి స్టాండ్ మీద పెట్టండి. లేకపోతే కుట్టు పైపక్క, అడుగుపక్క ఫొటోలు, లాగి పట్టుకున్న ఫొటో, మూడూ ముందే తీసి ఉంచుకోండి. ముదురు రంగు గుడ్డ మీద లేత దారంతో కుడితే ఫొటోలో తప్పు కనిపిస్తుంది. నల్లగుడ్డ మీద నల్లదారం పంపి ఎలా ఉంది మేడమ్ అంటే ఆవిడ మాత్రం ఏం చెబుతుంది?

క్లాసు మొదలయ్యేలోగా మీ ఇంట్లో చిరిగిన టీషర్టులు, పాత బనియన్లు ఉతికి పక్కన పెట్టండి. సాధనకి కొత్త గుడ్డ కొనొద్దు. ఒక పాత టీషర్టు కుట్లు విప్పి పరిస్తే కొలతలూ వస్తాయి, ఏ ముక్క ఎటువైపు సాగేలా కత్తిరించారో కూడా తెలుస్తుంది. ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ తిరగాలి, అది తప్పితే తల పట్టదు. హోజరీకి మంచి పక్క ఏదో తెలియకపోతే, అడ్డంగా కత్తిరించిన అంచుని రెండు చేతులతో లాగండి. ఎటు చుట్టుకుంటే అది మంచి పక్క.

తర్వాత గుడ్డ కొనేటప్పుడు, నిట్ బట్ట చాలాచోట్ల కిలోల్లో అమ్ముతారు, ముఖ్యంగా తిరుప్పూర్ నుంచి తెప్పించుకుంటే. కిలోకి ఎన్ని మీటర్లో లెక్క కట్టుకోవాలి. 180 జీఎస్ఎం అంటే చదరపు మీటరు బరువు 180 గ్రాములని. పన్నా, అదే గుడ్డ వెడల్పు, 60 అంగుళాలు, అంటే దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటే, పొడవు మీటరు ముక్క 270 గ్రాములు తూగుతుంది. కిలోకి మూడున్నర మీటర్ల పైన వస్తుంది. గొట్టంలా వచ్చే గుడ్డ అయితే, విప్పిన తర్వాత వెడల్పు ఎంతో అడిగి లెక్కెయ్యండి, పరిచి కొలిచిన వెడల్పుతో వేస్తే సగానికి సగం తేడా వస్తుంది.

మీకు ఊళ్లోనే ఉన్న సాయం సంగతి. మీ వీధి చివర చీరలకి ఫాల్, పీకో చేసే కొట్టు ఉండే ఉంటుంది. ఆ పీకో మెషిన్ జిగ్‌జాగ్ మెషినే. మీరు ముక్కలు కత్తిరించి పిన్నులతో కలిపి పట్టుకెళ్తే దాని మీద లెగ్గింగ్ కుట్లు వేయించుకోవచ్చు, కాకపోతే ఆ మెషిన్‌కి సరిపడే బాల్ పాయింట్ సూది వేయమనాలి. ఏటమ్మా, బనియన్ గుడ్డకి పీకోనా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. కుట్టు సన్నగా పెట్టించండి: వెడల్పు ఒక మిల్లీమీటరు లోపు, పొడవు రెండున్నర. చీర అంచుకి వేసినంత దట్టంగా వేస్తే గుడ్డ పూరీలా ఉబ్బుతుంది.

ఇంకొకటి, అచ్యుతాపురం బ్రాండిక్స్ అపెరల్ సిటీ బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. అక్కడ చేసి పెళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో మానేసినవాళ్లు గాజువాక, అనకాపల్లి వైపు మీ బంధువుల్లోనే ఉండొచ్చు, కనుక్కోండి. ఫ్యాక్టరీ లైన్లో ఒక్కొక్కరు ఒక్క పనే రోజంతా చేస్తారు కాబట్టి ఆవిడకి మొత్తం టీషర్టు కుట్టడం రాకపోవచ్చు. కానీ మెడ రిబ్బో, అంచు మడతో, తను చేసిన ఆ ఒక్కటి ఏ ఆన్‌లైన్ టీచర్ కంటే బాగా వచ్చి ఉంటుంది. ఒక ఆదివారం పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టుకోండి.

ఆఖరున మెషిన్. మీ ఆడపడుచు అన్నది తప్పు కాదు, తొందర మాత్రమే. ఇంట్లో పిల్లల వరకే అయితే జిగ్‌జాగ్ ఉన్న మెషిన్ చాలు. మీరు ఆర్డర్లు తీసుకుంటానంటున్నారు, నేరు కుట్టుకి నల్ల మెషిన్ ఎలాగూ ఉంది, కాబట్టి మీకు రెండో మెషిన్‌గా ఓవర్‌లాకే సరైనది. కొనేది నాలుగు దారాలదే కొనండి. మన టైలర్ల దగ్గర చాలాచోట్ల కనిపించే మూడు దారాలది అంచు పోగులూడకుండా చూడటానికి బాగుంటుంది, కానీ లెగ్గింగ్ వెనక కుట్టుకి నాలుగోదారం ఇచ్చే పట్టు దానిలో రాదు. డిఫరెన్షియల్ ఫీడ్ ఉందా అని కూడా అడగండి. పాదం కింద ముందు పళ్లు, వెనక పళ్లు వేరువేరు వేగంతో నడిచే ఏర్పాటు అది, ముందు పళ్లు గుడ్డని ఎక్కువగా లోపలికి నెట్టేలా పెట్టుకుంటే అలలు రావు. చిన్న చవక ఓవర్‌లాక్‌లలో చాలావాటికి అది ఉండదు. అంచు మడతలు మాత్రం ఫ్లాట్‌లాక్ ఉన్నవాళ్ల దగ్గర బయట వేయించుకోండి, దానికోసం మూడో మెషిన్ కొనేంత ఆర్డర్లు వచ్చినప్పుడు చూద్దాం.

మూడు టీషర్టులు, రెండు లెగ్గింగులు ఉతికినా నిలబడ్డాకే షాపుకి వెళ్లండి. వాళ్ల మందపాటి డెమో గుడ్డ మీద కుట్టి చూపిస్తే ఒప్పుకోకండి, మీ సంచిలోంచి మీ లైక్రా ముక్క, మీ హోజరీ ముక్క తీసి ఇచ్చి, కుట్టించి, అక్కడే లాగి చూడండి.